కిటికీ దగ్గరి మిషన్

మా అక్కకు ఉన్నంత నమ్మకం నాకూ ఉండి ఉంటే నేను కూడా ఆ పరీక్ష ఫెయిలయ్యేదాన్ని. ఈ మాట మా ఇంట్లో ఎవరి ముందూ అనలేదు. అంటే కుళ్ళుబోతు అంటారు. నేను కుళ్ళుబోతునే, కాదనను. కానీ మాట అబద్ధం కాదు.

అవి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజులు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో రెండు గదులు కిరాయికి తీసుకుని అమ్మ, అక్క, నేను ఉండేవాళ్ళం. నాన్న క్రైస్తవ మిషన్ బడిలో పంతులుగా చేసి, ఊరందరి పిల్లల గురించీ ఆలోచించి, మా గురించి ఆలోచించే తీరిక దొరక్కముందే పోయాడు. అమ్మ దవాఖానలో ఆయా. అమ్మ తమ్ముడు, మా మామయ్య, వికారాబాద్‌లో మిషన్ కాంపౌండులో ఉండేవాడు. అత్తయ్యకు ఏడాదికొక కాన్పు. మామయ్య వచ్చినప్పుడల్లా ఒకటే పాట. "ఇద్దర్ల ఒకదాన్ని నాకియ్యక్కా. పిల్లలను చూసుకుంటది. తిండికైతే తక్కువ చెయ్య." అంతకు ముందు వాళ్ళింట్లో అట్లా పిల్లలను చూసుకున్న ఒక అమ్మాయి చేతులు నేను చూశాను. బట్టల సోడా నీళ్ళకు తోలు లేచిపోయి ఉన్నాయి. తిండికి మాత్రం తక్కువ చేయలేదట.

అమ్మ ఒక్కతి జీతం మీద ముగ్గురం బతకలేమని మాకూ తెలుసు. మా చర్చి పెద్ద ఒకాయన లక్డీకాపూల్‌లో ఒక ఆఫీసులో ఉండేవాడు. టైపు పరీక్ష పాసైతే మీ పిల్లల్లో ఒకరికి నౌకరీ ఇప్పిస్తానని అమ్మకు మాటిచ్చాడు. అమ్మ ఆ సాయంత్రమే తీర్పు చెప్పింది.

"ఇద్దరు నేర్చుకోన్రి. పాసైంది నౌకరీ చేస్తది, నా దగ్గరుంటది. కానిది మామ దగ్గరికి పోతది."

"ఇద్దరం పాసైతే?" అన్నాను నేను.

అమ్మ నవ్వింది. నన్ను కించపరచాలని కాదు, నిజంగానే నవ్వొచ్చి నవ్వింది. ఆ వారమే సుల్తాన్‌బజార్ పోయి రెండు ముతక చీరలు కొనుక్కొచ్చి, నా కొలతకు జాకెట్లు కుట్టించి, ట్రంకు పెట్టెలో పెట్టింది. వికారాబాద్‌లో కట్టుకోవడానికి. పరీక్షకు ఇంకా ఏడాదికి పైగా ఉంది. అక్క నౌకరీ సంగతి మాత్రం సందంతా చెప్పుకుని వచ్చింది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

టైపు ఇన్‌స్టిట్యూట్ ఆబిడ్స్ రోడ్డు మీద, ఒక బూట్ల దుకాణం పైన ఉండేది. మెట్లెక్కగానే పొడుగాటి హాలు, గోడల వెంట టైపు మిషన్లు, రోడ్డు వైపు ఒక పెద్ద కిటికీ. మాస్టరు పాత హైదరాబాదు మనిషి, ఎప్పుడూ ఇస్త్రీ షేర్వానీలో ఉండేవాడు, తమలపాకు నమిలేవాడు. అందరినీ బిడ్డా అనేవాడు. ఆ బిడ్డా అన్న మాటలో ఎంత ప్రేమ ఉండేదంటే, ఆయన తిట్టింది మనకు ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాక గాని అర్థమయ్యేది కాదు.

అక్క చేరిన రెండో నెలకే ఆమె చేతిని కనిపెట్టి, కిటికీ దగ్గరి మిషన్ మీద కూర్చోబెట్టాడు. ఆమె కొడుతుంటే ఆ చప్పుడు కింద రోడ్డు మీదికి వినిపించేది. సైకిళ్ళ మీద పోయే గుమాస్తాలు తలెత్తి చూసేవాళ్ళు. కొందరు అట్లా చూసి మెట్లెక్కి వచ్చి చేరిపోయేవాళ్ళు. లోపలున్న మగపిల్లలకు మాస్టరు అక్కను చూపించి, "ఆడపిల్ల గింత స్పీడు కొడ్తున్నది. మీరు గాజులు తొడుక్కోన్రి" అనేవాడు. అక్క వినబడనట్టే కొట్టుకుంటూ పోయేది. మెడ మాత్రం ఇంకాస్త నిటారుగా అయ్యేది.

ఆ మిషన్‌లో ఒక లోపం ఉంది. మాటకూ మాటకూ మధ్య ఖాళీ వదలడానికి కింద ఒక పొడుగాటి పట్టీ ఉంటుంది. దాన్ని బొటనవేలితో ఒక్కసారి కొట్టాలి. ఈ మిషన్‌లో ఆ పట్టీ వదులైపోయి ఒక్క దెబ్బకు కదిలేది కాదు, రెండు కొట్టాలి. అక్క మొదట్లో విసుక్కుంది. తర్వాత అలవాటు చేసుకుంది. చివరికి అదే గొప్పగా చెప్పుకోవడం మొదలుపెట్టింది. అక్కకు జ్వరం వచ్చినప్పుడు ఒక రోజు నన్ను అక్కడ కూర్చోబెడితే, నేను కొట్టిన మాటలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి కాగితమంతా చీమల బారైంది. ఇంటికొచ్చి చెప్తే అక్క దుప్పట్లోంచి నవ్వింది. "గది నా మాట తప్ప ఎవ్వరి మాట వినదు."

బాగుచేసే మిస్త్రీ ఒకసారి వచ్చినప్పుడు నేను పక్క మిషన్ మీదే ఉన్నాను. అన్నిటికీ నూనె వేసి, కిటికీ దగ్గరికి పోబోతుంటే మాస్టరు ఆపాడు. "గది ముట్టకు. లడాయి అయినంక పార్టులొస్తయి, అప్పుడు చూస్తం. బిడ్డకు గట్లనే అలవాటైంది." అక్క కూడా ఔ అని తలూపింది. ఆ మిషన్ బాగైతే అందరూ కొట్టగలుగుతారు కదా. అందరూ కొట్టగలిగే మిషన్ మీద కూర్చోవడం అక్కకు ఇష్టం లేదు.

నాకు మిషన్ అంటూ ఒకటి ఉండేది కాదు. ఏది ఖాళీగా ఉంటే అది. ఒకరోజు అక్షరం ఇరుక్కునేది, ఒకరోజు రిబ్బన్ జారేది, ఒకరోజు మీట గోరు ఊడేటట్టు గట్టిగా ఉండేది. ఎవరైనా వచ్చి, "లేవమ్మా, నాది" అంటే లేచి ఇంకో దానికి పోయేదాన్ని. కుదురుగా ఒకదాని మీద నెల రోజులు కూర్చున్న పాపాన పోలేదు. సాయంత్రం హాలు మూసేముందు మాస్టరు నా కాగితం చేతిలోకి తీసుకుని తప్పులు పైకి చదివేవాడు. రోజంతా కొట్టి వేళ్ళు వాచిన మగపిల్లలు విరగబడి నవ్వేవాళ్ళు. నవ్వి, ముఖాలు తేటపడి, రేపటి మీద ఆశ పుట్టి మెట్లు దిగేవాళ్ళు. ఎద్దు పుండు కాకికి ముద్దు.

మాస్టరుకు ధైర్యం అనడం కంటే హిమ్మత్ అనడం మహా ఇష్టం. "గీ హాల్ల హిమ్మత్ తగ్గొద్దు. హిమ్మత్ ఉంటె పరీక్ష దానంతట అదే పాసైతది." ఆ హిమ్మత్‌ను ఆయన వంటవాడు కూర వండినట్టు రోజూ వండేవాడు. అక్కను చూపించి కొంత, నన్ను చూపించి కొంత. అందులో ఉడికేది ఎవరో ఆయనకు పట్టలేదు. ఒకసారి నేను ఏడుస్తుంటే దగ్గరికొచ్చి, "ఏంది బిడ్డా, నువ్వు లేకపోతె వీళ్ళకు సాయంత్రం ఎట్ల గడుస్తది?" అన్నాడు. అప్పుడు ఆ మనిషి మెడ మీద టైపు మిషన్ ఎత్తి వేయాలని అనిపించింది. ఇప్పటికీ అనిపిస్తుంది.

మర్నాడు మళ్ళీ పోయాను. పోకపోతే వికారాబాద్. నేను పాసవుతానని నాకు ఏ రోజూ అనిపించలేదు. అయినా పొద్దున్నే ముఖం కడుక్కుని, జడ వేసుకుని, అక్క వెనకాల నడిచేదాన్ని. నమ్మకం వేరు, ఇది వేరు. నమ్మకం అంటే రేపు మంచే జరుగుతుందని అనుకోవడం. ఇది రేపు చెడే జరుగుతుందని తెలిసి కూడా చెప్పులేసుకోవడం. అక్కకు మొదటిది చాటకు చాటెడు ఉండేది, రెండోదాని అవసరం ఏనాడూ పడలేదు. పొద్దున్నే ప్రార్థనలో అమ్మ కళ్ళు మూసుకుని, "ప్రభువా, పెద్ద బిడ్డ వేళ్ళను దీవించు" అని చాలాసేపు చేసి, ఆమెన్ అనబోతూ గుర్తొచ్చి, "చిన్నదాన్ని గూడ జర చూడు" అనేది. ఇంట్లో దొరికే ఒక్క కోడిగుడ్డు ఉడకబెట్టి అక్క పళ్ళెంలో వేసేది. టైపు కొట్టే చేతికి బలం కావాలట. నావి కొట్టే చేతులు కావు కాబోలు.

పరీక్ష దగ్గరపడ్డాక అక్క మాస్టరుతో చెప్పేసింది. నేను అక్కడే ఉన్నాను. "పాసైనంక నేను రాను మాస్టర్ సాబ్. లక్డీకాపూల్‌ల నౌకరీ ఉన్నది." ఆయన ఆకు నములుతూ కిటికీలోంచి రోడ్డు వైపు చూశాడు. ఆమె ఏడాదికి పైగా ఆ కిటికీలో కూర్చుని ఆయనకు పిల్లలను తెచ్చిపెట్టింది. కొత్తగా చేరినవాళ్ళకు సగం పాఠాలు కూడా ఆమే చెప్పేది. "పో బిడ్డా. మంచిగుండు" అన్నాడు. నవ్వాడు కూడా.

మా రోజుల్లో టైపు పరీక్షకు ఎవరి మిషన్ వాళ్ళు తీసుకుపోవాలి. పరీక్ష పెట్టే బడిలో బల్లలుంటాయి గాని మిషన్లు ఉండవు. ఇన్‌స్టిట్యూట్‌వాళ్ళే మిషన్లను పాత దుప్పట్లలో చుట్టి బండికెత్తి పంపించేవాళ్ళు. ఆ రోజు పొద్దున బూట్ల దుకాణం ముందు తోపుడు బండి నిలబడి ఉంది. అక్క దుప్పట్లు ఎత్తెత్తి చూసింది. ఆమె మిషన్ లేదు.

"నాదేది మాస్టర్ సాబ్?"

"గది పాతది బిడ్డా. పరీక్షల గది చూస్తె మన ఇజ్జత్ పోతది. నీకు కొత్తది పెట్టిన, ఇగో. నీకు ఏ మిషనైతేంది? నీ మీద నాకు పూరా బరోసా ఉంది."

అక్క ఒక్క మాట అడిగి ఉండొచ్చు. నాకు నా పాతదే కావాలి అని ఉండొచ్చు. మగపిల్లలందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. కొత్త మిషన్ ఎవరికీ ఇవ్వనిది తనకిచ్చాడు. ఆమె ముఖం వెలిగిపోయింది. బండి వెనకాల మొజంజాహీ మార్కెట్ మీదుగా నాంపల్లి దాకా నడిచాం. దారి పొడుగునా అక్క ఆ దుప్పటి మూట మీద చెయ్యేసి నడిచింది. నాకు ఎవరూ పట్టుకోని మిషన్ మిగిలింది, రిబ్బన్ జారేది.

పరీక్ష మొదలుకాక ముందు మిషన్ సరిచూసుకోవడానికి కాసేపు ఇచ్చారు. అక్క అక్షరాలన్నీ వరసగా, మధ్యలో ఖాళీ లేకుండా కొట్టి చూసింది. నున్నగా, నల్లగా, ముత్యాల్లా పడ్డాయి. నా వైపు చూసి కనుబొమ్మలు ఎగరేసింది.

గంట కొట్టారు. హాలంతా ఒక్కసారిగా వడగళ్ళ వాన. ఆ చప్పుడులో అక్క చప్పుడు నేను గుర్తుపట్టగలను, అన్నాళ్ళు విన్నాను కదా. అందరికంటే ముందు పరుగెత్తింది. తర్వాత తడబడింది. మళ్ళీ అందుకుంది, మళ్ళీ తడబడింది. ఆ మంచి మిషన్ ఒక్క దెబ్బకే కదులుతోంది. అక్క బొటనవేలు ప్రతిచోటా రెండు కొడుతోంది. రెండు కొడుతున్నానన్న సంగతి అక్క ఎప్పుడో మరిచిపోయింది, వేలు మరిచిపోలేదు. వేలిని ఆపబోతే మిగతా వేళ్ళు దారి తప్పాయి. ఆ తర్వాత పక్క బల్ల మీంచి చప్పుడు పూర్తిగా ఆగిపోయింది.

నేను తల తిప్పలేదు. అప్పటికే నా రిబ్బన్ జారింది. ఒక చేత్తో దాన్ని తిప్పి, మసి వేళ్ళతోనే కొట్టుకుంటూ పోయాను. ఇది పాసయ్యే కాగితం కాదని తెలుస్తూనే ఉంది. ఆ మాట నాకు కొత్త కాదు కనుక చేతులు ఆగలేదు. నేను ఆగి అక్క చెయ్యి పట్టుకుని ఉంటే ఏమయ్యేదని తర్వాత ఒకరిద్దరు అడిగారు. ఇద్దరం వికారాబాద్ పోయేవాళ్ళం, అంతే.

గంట కొట్టాక లేచి చూశాను. అక్క కాగితం మీద నాలుగైదు వరసలున్నాయి. మాటల మధ్య ఎడం ఎడంగా, పళ్ళూడిన నోరులా ఉంది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఎడం పక్కన కూర్చున్న అబ్బాయి, ఏడాదిగా ఆమెతో పోల్చి మాస్టరు పెట్టే తిట్లు తిన్నవాడు, ఆ కాగితం చూసి ఈల వేశాడు.

ఫలితాలొచ్చాయి. నేను అంచున గట్టెక్కాను. మాస్టరు అక్క తల మీద చెయ్యి పెట్టి, అందరూ వినేటట్టు, "నీ మీద బరోసా పెట్టిన బిడ్డా. నన్ను ముంచితివి" అన్నాడు. ఇంట్లో అమ్మ, "గంత పొగరు పనికిరాదని నేను ఎప్పుడో అన్న" అంది. ఎప్పుడూ అనలేదు. ఆ పొగరుకు కోడిగుడ్లు పెట్టి పెంచింది ఆమే.

మళ్ళీ ఆర్నెల్లకు పరీక్ష ఉంది. ఒక్క మంచి మిషన్ మీద నెల రోజులు కూర్చుంటే బొటనవేలు దారికొస్తుందని అక్కతో చెప్పాను. ఆమె నన్ను తీసుకుని ఆబిడ్స్ నడిచింది. మధ్యాహ్నం వేళ హాలు ఖాళీగా ఉంది. తిన్నగా పోయి కిటికీ దగ్గర కూర్చుని పేజీ కొట్టింది. ఒక్క తప్పు లేదు. కింద ఎవరో సైకిల్ ఆపి తలెత్తి చూశాడు. అక్క కాగితం లాగి నా ముఖం ముందు పట్టుకుంది. పరీక్ష తర్వాత అదే మొదటిసారి నవ్వడం.

"చూసినవా? నాకొస్తది."

"దీని మీద వస్తుంది" అన్నాను.

అక్క కాగితం దించి మిషన్ పక్కన పెట్టింది. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అమ్మ చివరిదాకా అంటూ వచ్చింది. ఎందుకు అనకూడదు? అది నిజం. ఆ నిజం విని కూడా లేచి పక్క మిషన్ మీద కూర్చోగలిగితే ఆమె ఆర్నెల్లలో నన్ను దాటిపోయేది. ఆమె లేచింది, మెట్లు దిగింది. మళ్ళీ ఎక్కలేదు.

ఇంటి ధైర్యం మొత్తం అన్నాళ్ళు అక్క మీద ఆనుకుని ఉండేది. ఇప్పుడది పిల్లి గంప మార్చినట్టు నా వైపు వచ్చి పడుకుంది. ప్రార్థనలో నా పేరు ముందుకొచ్చింది. కొత్త నౌకరీలో చేరే రోజు పొద్దున అమ్మ గుడ్డు ఉడకబెట్టి, ఎటు వేయాలో తెలియక గిన్నె పట్టుకుని నిలబడింది. అక్క ఆ గుడ్డు తీసుకుని, పెంకు ఒలిచి, ఉప్పద్ది, నా పళ్ళెంలో పెట్టింది.

"తిను. ఆఫీసుకు ఆలస్యమైతది."

నేను తిన్నాను. నాకు ఆకలిగా ఉంది, అన్నాళ్ళ ఆకలి.

ఆ ఆదివారమే మామయ్య వచ్చాడు. ట్రంకు పెట్టె కొత్తగా సర్దాల్సిన పని లేకపోయింది. నాకని కొన్న ముతక చీరలు, నా కొలత జాకెట్లు అందులోనే ఉన్నాయి. అక్క నాకంటే పొడుగు. జాకెట్టు చేతులు మోచేతికి చాలా పైన ఆగిపోయాయి. నాంపల్లి స్టేషన్‌లో అమ్మ ఏడ్చింది. అక్క ఏడవలేదు. రైలు కదిలేముందు ఒకటే అంది, "మాస్టర్ సాబ్‌కు చెప్పు, కిటికీ కాడ ఎవర్నన్న కూసోబెట్టుమను, ఖాళీగుంటె మంచిగుండదు." ఆయన మీద ఆమెకు అప్పటికీ నమ్మకం పోలేదు.

చెప్పడానికి పోయాను. మిస్త్రీ కిటికీ దగ్గరి మిషన్ విప్పుకుని కూర్చున్నాడు. మాస్టరు తన బల్ల సొరుగులోంచి చిన్న స్ప్రింగు తీసి ఇచ్చాడు. లడాయి ఇంకా అయిపోలేదు. నేను చూస్తుండగానే పట్టీ బిగిసింది. మాస్టరు ఒకసారి కొట్టి చూసి, "రా బిడ్డా, కూసో. పాసైన పిల్లవు, రోడ్డుకు కనవడాలె" అన్నాడు. స్ప్రింగు ఎన్నాళ్ళుగా సొరుగులో ఉందని అడిగాను. తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగి, ఆకు ఉమ్మి వచ్చాడు. నేను ఆయన ముందే ఆ కిటికీ తలుపులు మూసి, గడియ పెట్టి వచ్చాను. నేను మెట్లు దిగేసరికి మళ్ళీ తెరిచి ఉన్నాయి.

రెండేళ్ళ దాకా వికారాబాద్ పోవడం పడలేదు. ఒక ఈస్టరుకు సెలవు పెట్టి పోయాను. అక్క చంకలో ఒకడు, కొంగు పట్టుకుని ఒకతి. చేతులు చూడకూడదు అనుకుంటూనే చూశాను. వాళ్ళ వాకిలికి ఎదురుగా, రాళ్ళు పరిచిన ముంగిలి దాటితే, మిషన్ దవాఖాన ఆఫీసు గది. మేము బయట నిలబడి మాట్లాడుకుంటుంటే లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చింది, పెద్దావిడ, మన తెలుగామె. చేతిలో కాగితాలున్నాయి. నేను హైదరాబాదులో టైపు నౌకరీ చేస్తున్నానని మామయ్య చెప్పాడట.

"జర గీ ఉత్తరం కొట్టి పెడ్తవా బిడ్డా? మా గుమాస్తా పోయి ఏడాదాయె. జీతమిస్త, ఉండనీకె గది ఇస్త అని అందరికి చెప్పిన. గీ కాంపౌండు మొత్తంల టైపు వచ్చినోళ్ళు ఒక్కరు లేరు."

ఏడాది. ఆ గది కిటికీ అక్క గిన్నెలు తోమే చోటికి కనబడుతూ ఉంది. అందులోంచి బట్ట కప్పిన టైపు మిషన్ కూడా.

"మా అక్కకు వచ్చండీ" అన్నాను. "నాకంటే బాగా వచ్చు. ఆబిడ్స్‌లో ఆమె స్పీడు చూడ్డానికి జనం ఆగేవాళ్ళు."

డాక్టరమ్మ అక్క వైపు తిరిగింది. ఆమె ముఖంలో ఆశ చూశాను. అక్క ముఖంలో ఏమీ లేదు.

"లేదమ్మా, నాకు రాదు" అంది అక్క. "మా చెల్లె మజాక్ చేస్తున్నది."

డాక్టరమ్మ నవ్వింది. నేను లోపలికి పోయి, బట్ట తీసి, కాగితం ఎక్కించి కొట్టడం మొదలుపెట్టాను. మంచి మిషన్. అన్నీ ఒక్క దెబ్బకే కదిలాయి. రెండో వరసలో ఉండగా తలెత్తి చూస్తే, అక్క పిల్లవాణ్ణి ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుని, చప్పుడు వినబడని వైపు, బావి దగ్గరికి నడిచిపోతోంది.